డబ్బా మీద 3200, తెర మీద 2133!

పరకాలలో ఒక ఇల్లు ఊహించుకోండి. 1947లో జాతీయ జెండా ఎగరేయడానికి కదిలివచ్చి ప్రాణాలర్పించినవారి గుర్తుగా అమరధామం వెలిసిన ఆ పరకాలే. ఆ ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఈసారి పత్తి అమ్మిన డబ్బుతో వాళ్ళ నాన్న ఒక కంప్యూటరు కొనిచ్చాడు. హనుమకొండలోని దుకాణంలో విడి భాగాలు కొని, అక్కడే కూర్పించి తెచ్చుకున్నారు. వాటిలో రెండు ర్యాములున్నాయి. ర్యామ్ అంటే కంప్యూటరుకు మెమరీ అన్నమాట. రెండింటి డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో "3200" అని ఉంది.

ఇంటికి వచ్చి కంప్యూటరు వేసి, టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ వేగం చూసింది ఆ అమ్మాయి. అక్కడ కనిపించినది 2133!

"బాపూ, మనల్ని మోసం జేసిండ్రు! 3200 అని రాసి 2133ది అంటగట్టిండ్రు."

"అట్లనా బిడ్డా? పొద్దుగాల పోయి అడుగుదాం పా" అన్నాడు తండ్రి.

3200లోంచి 2133 తీసేస్తే 1067. అంటే కొన్న సరుకులో మూడో వంతు తగ్గినట్టే కదా! మరి ఆ దుకాణదారు నిజంగా మోసం చేశాడా? తీర్పు చెప్పే ముందు మనం కొంచెం పరిశోధన చేద్దాం. పరిశోధన పూర్తయ్యేసరికి మీ ఇంట్లోనో బడిలోనో ఉన్న కంప్యూటరు గురించి కూడా మీకు కొన్ని సంగతులు తెలుస్తాయి.

చలివేంద్రంలో చిల్లు కుండలు

ముందు మెమరీ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

మీ గదిలో పుస్తకాల బీరువా ఉంది, చదువుకునే బల్ల ఉంది. లెక్క చేయాలంటే బీరువాలోని పుస్తకాన్ని బల్ల మీదికి తెచ్చుకుంటారు. కంప్యూటరులో హార్డ్ డిస్కు బీరువా లాంటిది. ర్యామ్ బల్ల లాంటిది. లెక్కలు చేసే ప్రాసెసరుకు కావలసిన సమాచారమంతా ముందు ఈ బల్ల మీదికి రావాలి.

ఒకప్పుడు ఈ మెమరీని చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలతో చేసేవారు. ఒక్కొక్క ఉంగరం ఒక్కొక్క బిట్టును, అంటే ఒక 0ను గాని ఒక 1ని గాని గుర్తుంచుకునేది. 1967లో హైదరాబాదులో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ మొదట్లో తయారుచేసిన టి.డి.సి. కంప్యూటర్లలో ఉన్నది ఇలాంటి మెమరీయే. తీగలు గుచ్చిన ఆ ఉంగరాలు చూడటానికి పూసల అల్లికలా ఉండేవి.

అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరు ఇంతకంటే చౌకైన ఉపాయం కనిపెట్టాడు. 1968లో ఆయనకు దాని మీద పేటెంటు వచ్చింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు: ఒక బిట్టును దాచడానికి ఈ రెండూ చాలు. 1970లో ఇంటెల్ కంపెనీ అమ్మిన 1103 అనే చిప్పులో 1024 బిట్లు పట్టేవి. ఈనాడు 8 గిగాబైట్ల ర్యాములో ఎన్ని పడతాయో తెలుసా? 6,871 కోట్ల 94 లక్షల 76 వేల 736! ఆనాటి చిప్పులతో ఇంత మెమరీ కావాలంటే 6 కోట్ల 71 లక్షల చిప్పులు కావాలి.

కెపాసిటరు అంటే విద్యుదావేశాన్ని నిలవచేసే బుల్లి పాత్ర. ఎండాకాలంలో మన ఊళ్ళలో పెట్టే చలివేంద్రం గుర్తు తెచ్చుకోండి. వరసగా కుండలు పెట్టారు. నిండు కుండ అంటే 1, ఖాళీ కుండ అంటే 0. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఈ కుండలన్నిటికీ సన్నని చిల్లులున్నాయి. వదిలేస్తే నిండు కుండ కూడా కాసేపటికి ఖాళీ అయిపోతుంది. అందుకని అన్ని కుండలనూ ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ చూసి, నిండుగా ఉండవలసినవాటిని నింపుతూ ఉండాలి. ర్యాములో ఈ పని 64 మిల్లీసెకండ్లకు ఒకసారి జరుగుతుంది. మీరు కన్నార్పి తెరిచేలోగా ప్రతి కుండనూ కనీసం ఒకసారి నింపి ఉంటారన్నమాట! కరెంటు పోగానే ర్యాములో ఉన్నదంతా చెరిగిపోవడానికి కారణం కూడా ఇదే. నింపేవాళ్ళు లేకపోతే కుండలు ఎండిపోతాయి.

ఇంకో సంగతి. వేడెక్కినకొద్దీ చిల్లులు పెద్దవవుతాయి. ర్యామ్ చిప్పు 85 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే, 64కు బదులు 32 మిల్లీసెకండ్లకే నింపాలన్నది నియమం. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో ముందు ముందు పని పడుతుంది.

3200 అంటే ఏమిటి?

ఇప్పుడు డబ్బా మీది అంకెను చూద్దాం. 3200 అంటే సెకండుకు 3200 మిలియన్ సార్లు, అంటే 320 కోట్ల సార్లు, ప్రతి తీగ మీదా ఒక బిట్టు పంపగలదని అర్థం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని ప్రోగ్రాములు ఇదే ర్యామ్ వేగాన్ని 1600 మెగాహెర్ట్జ్ అని చూపిస్తాయి. "అయ్యో, సగమే ఉంది!" అని కంగారు పడనక్కర్లేదు. మీరు ఉయ్యాల ఊగుతున్నారనుకోండి. అటు చివర మీ తమ్ముడు, ఇటు చివర మీ చెల్లెలు నిలబడి ఉన్నారు. అటు వెళ్ళినప్పుడొక పువ్వు, ఇటు వచ్చినప్పుడొక పువ్వు అందిస్తున్నారు. ఉయ్యాల 10 సార్లు ఊగితే 20 పువ్వులు అందుతాయి. ర్యామ్ కూడా అంతే. గడియారపు తరంగం లేచేటప్పుడొక బిట్టు, పడేటప్పుడొక బిట్టు పంపుతుంది. 1600 ఊపులకు 3200 బిట్లు. ర్యాముల పేర్లలో కనిపించే డి.డి.ఆర్. అనే మూడక్షరాలకు రెట్టింపు వేగమనే అర్థం.

అంచేత తెర మీద 1600 కనిపిస్తే చింత లేదు. కాని మన పరకాల అమ్మాయికి కనిపించింది 2133. టాస్క్ మేనేజర్ చూపేది రెట్టింపు చేసిన అంకెనే. కాబట్టి ఆమె అనుమానం సబబైనదే.

ఒక్కొక్క ర్యాముకు సమాచారం మోసే తీగలు 64 ఉంటాయి. 64 బిట్లంటే 8 బైట్లు. 3200ను 8తో గుణించండి. సెకండుకు 25,600 మెగాబైట్లు. 2133ను 8తో గుణిస్తే 17,064 మెగాబైట్లే. తేడా చిన్నదేమీ కాదు.

పాములా మెలికలెందుకు?

సెకండుకు 320 కోట్ల బిట్లంటే ఒక్కొక్క బిట్టుకు దొరికే సమయమెంత? లెక్క వేస్తే సెకండులో లక్ష కోట్లో వంతును ఒక పికోసెకండు అనుకుంటే, 312 పికోసెకండ్లు వస్తుంది. ఇంత తక్కువ కాలంలో మదర్‌బోర్డు తీగ మీద విద్యుత్ సంకేతం ఎంత దూరం పోగలదు? సుమారు రెండంగుళాలు! ముందు బిట్టు రెండంగుళాలు నడిచేసరికి వెనక బిట్టు బయలుదేరుతుందన్నమాట.

ఇప్పుడు 64 తీగల మీద 64 బిట్లు కలిసి బయలుదేరి, కలిసే గమ్యం చేరాలి. ఒక తీగ కొంచెం పొడుగైనా దాని బిట్టు వెనకబడుతుంది. అందుకని దగ్గరి దారి ఉన్న తీగలను కావాలనే వంకరలు తిప్పి, అన్నిటినీ ఒకే పొడవు చేస్తారు. అవకాశం దొరికితే మదర్‌బోర్డును గమనించండి. ప్రాసెసరుకూ ర్యాములకూ నడుమ రాగి గీతలు పాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి. అవి అందం కోసం వేసిన ముగ్గు కాదు. అందరూ ఒకేసారి ఇల్లు చేరడానికి వేసిన దారులు.

ఇంత కచ్చితమైన పని కాబట్టే, వేగం పెంచినకొద్దీ తప్పులు దొర్లే ప్రమాదం పెరుగుతుంది.

జాతకం రాసుకున్న బుల్లి చిప్పు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 3200 వేగంతో పోగల ర్యామ్ 2133 దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రతి ర్యామ్ మీదా మెమరీ చిప్పులతోపాటు ఒక చిన్న చిప్పు ఉంటుంది. దానిలో ఆ ర్యామ్ జాతకమంతా రాసి ఉంటుంది. తయారుచేసినదెవరు, ఎన్ని గిగాబైట్లు, ఏ వేగానికి ఎంత వోల్టేజి కావాలి, ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ ఉంటాయి. డి.డి.ఆర్.4 రకం ర్యాములో ఈ జాతకానికి కేటాయించిన చోటు 512 బైట్లు. మన పుస్తకంలో అరపేజీ కూడా నిండదు!

కంప్యూటరు మీట నొక్కగానే మదర్‌బోర్డు మొదట చదివేది దీన్నే. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి, జెడెక్ అనే అంతర్జాతీయ సంస్థ నిర్ణయించిన ప్రామాణిక వేగం. డి.డి.ఆర్.4కు దాని వోల్టేజి 1.2. ఈ వేగంతో ఏ కంపెనీ బోర్డులోనైనా, ఏ కంపెనీ ప్రాసెసరుతోనైనా పనిచేయాలన్నది ఒప్పందం. రెండోది, ర్యామ్ చేసిన కంపెనీ తాను పరీక్షించి రాసిన పెద్ద వేగం. మన అమ్మాయి కొన్న రకం ర్యాముల్లో చాలావాటికి దీని వోల్టేజి 1.35. ఈ రెండో భాగాన్ని ఇంటెల్ వారు ఎక్స్.ఎం.పి. అంటారు. 2007లో మొదలుపెట్టారు. ఎ.ఎం.డి. వారు 2022లో డి.డి.ఆర్.5 ర్యాములకోసం ఎక్స్‌పో అనే తమ పద్ధతిని తెచ్చారు. వీటిని మనం "ప్రొఫైల్" అందాం.

ముక్కూ మొహం తెలియని ర్యామును చూసినప్పుడు మదర్‌బోర్డు ఏం చేయాలి? పెద్ద వేగంతో మొదలుపెట్టి విఫలమైతే తెర మీద ఏమీ కనిపించదు. కొన్నవాడు బెంబేలెత్తుతాడు. అందుకని అది ప్రామాణిక వేగంతోనే మొదలుపెడుతుంది. మీరు వచ్చి "ప్రొఫైల్ వాడుకో" అని చెప్పేదాకా అలాగే నడుస్తుంది. కొన్ని ర్యాముల్లో ఈ మొదటి వేగం 2133, కొన్నిటిలో 2400, కొన్నిటిలో 2666.

పెద్ద వేగానికి హామీ ఇచ్చినవాడు ర్యామ్ చేసినవాడు మాత్రమే. మెమరీని నడిపే భాగం ఉండేది ప్రాసెసరు లోపల. తీగలుండేది మదర్‌బోర్డు మీద. ఈ మూడూ సమర్థమైనవైతేనే 3200 వస్తుంది. ఎద్దులబండి వేగం బండికి ఉన్న చక్రాలను బట్టే కాదు, ఎద్దులను బట్టీ, దారిని బట్టీ ఉంటుంది కదా! కొన్ని ప్రాసెసర్లకూ బోర్డులకూ అంత వేగాన్ని అనుమతించే ఏర్పాటే ఉండదు. అనుమతించినా, ప్రాసెసరు తయారీదారు చెప్పిన వేగాన్ని మించి నడిపితే దాని హామీ వర్తించకపోవచ్చు. హామీ పత్రం చదివాకే ముందుకు పోవాలి.

సరైన వేగానికి తేవడమెలా?

ఇప్పుడు పని మొదలుపెడదాం. మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని దగ్గర పెట్టుకోండి. పెట్టె విప్పవలసిన చోట పెద్దవాళ్ళనెవరినైనా పక్కనుంచుకోండి. ప్లగ్గు పూర్తిగా తీసేశాకే చెయ్యి పెట్టాలి.

మొదటి మెట్టు, ర్యాములు సరైన చోట ఉన్నాయో లేదో చూడటం. చాలా బోర్డులలో ర్యాములకు నాలుగు స్లాట్లుంటాయి. రెండు ర్యాములే ఉంటే, మామూలుగా ప్రాసెసరు వైపునుంచి లెక్కపెట్టి రెండోదానిలోనూ నాలుగోదానిలోనూ పెట్టాలి. ఎందుకని?

దీనికి రెండు కారణాలున్నాయి. ప్రాసెసరునుంచి మెమరీకి రెండు దారులుంటాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు పత్తి బండ్లు వచ్చే రోజున ఒకే గేటు తీస్తే ఎంత రద్దీ! రెండు గేట్లు తీస్తే రెట్టింపు బండ్లు లోపలికి పోతాయి. రెండు ర్యాములనూ పక్కపక్క స్లాట్లలో పెడితే రెండూ ఒకే దారిలో పడి, రెండో దారి ఖాళీగా ఉండిపోవచ్చు. ఇది రెండోసారి 3200 తెచ్చుకోవడంకన్నా పెద్ద నష్టం.

రెండో కారణం ప్రతిధ్వని. లోతైన దిగుడుబావిలోకి వంగి కేక వేస్తే మీ కేక మీకే తిరిగి వినిపిస్తుంది. అది ముగియకముందే మీరు ఇంకో మాట అంటే రెండూ కలగాపులగమైపోతాయి. చాలా బోర్డులలో ఒకే తీగ ముందు దగ్గరి స్లాటుకు, అక్కడినుంచి దూరపు స్లాటుకు పోతుంది. ర్యామును దగ్గరి స్లాటులో పెడితే, ఖాళీగా ఉన్న దూరపు స్లాటు దాకా పోయిన సంకేతం బావిలో కేకలా వెనక్కి తిరిగివస్తుంది. కొత్తగా వచ్చే బిట్లను అది పాడుచేస్తుంది. దూరపు స్లాటులో పెడితే తీగ చివర ర్యామే ఉంటుంది కాబట్టి ప్రతిధ్వని తగ్గుతుంది.

రెండో మెట్టు, కంప్యూటరు వేసిన వెంటనే డిలీట్ మీటనో ఎఫ్2 మీటనో నొక్కి బయాస్ తెరవడం. బయాస్ అంటే కంప్యూటరు కళ్ళు తెరవగానే చదువుకునే మొదటి పాఠం. అందులో మెమరీకి సంబంధించిన చోట ప్రొఫైల్ అనేది కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, భద్రపరచి బయటికి రండి. వోల్టేజిని మాత్రం మీ చేత్తో పెంచకండి. ప్రొఫైల్ చెప్పినదే చాలు.

మూడో మెట్టు, ఓపిక పట్టడం. కొత్త వేగంతో మొదటిసారి లేచేటప్పుడు తెర కొంతసేపు నల్లగా ఉండవచ్చు. డి.డి.ఆర్.5 రకమైతే కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. చెడిపోయిందని కంగారుపడి మీట నొక్కేయకండి. కచేరీకి ముందు వాయిద్యాలు శ్రుతి చేసుకుంటారు, చూశారా? ఇదీ అలాంటిదే. ప్రాసెసరు తనకు తెలిసిన బిట్ల వరసను ర్యాముకు పంపి, తిరిగి చదివి చూసుకుంటుంది. కొంచెం ముందు చదివితే తప్పు వస్తోందా, కొంచెం ఆగి చదివితే తప్పు వస్తోందా అని ప్రతి తీగకూ పరీక్షించి, నడిమధ్య క్షణాన్ని ఎంచుకుంటుంది.

నాలుగో మెట్టు, చూసుకోవడం. టాస్క్ మేనేజర్ మళ్ళీ తెరవండి. 3200 కనిపిస్తే సంతోషం. కాని పని పూర్తి కాలేదు. అసలు ముఖ్యమైన మెట్టు ఇంకా ఉంది.

35 మార్కులు 99 అయితే?

ఐదో మెట్టు, పరీక్ష. కంప్యూటరు లేచింది కదా, ఇక పరీక్ష ఎందుకని అడగవచ్చు. ఎందుకో చూడండి.

35 అనే అంకెను కంప్యూటరు 0100011 అని రాసుకుంటుంది. 32, 2, 1 కలిస్తే 35. ఇప్పుడు మెమరీలో ఒకే ఒక్క బిట్టు, ఎడమవైపు చివరిది, పొరపాటున 0నుంచి 1కి మారిందనుకోండి. 1100011 అవుతుంది. దీని విలువ 99! దాని పక్కనున్న బిట్టు మారి ఉంటే 35 కాస్తా 3 అయ్యేది. ఒక్క బిట్టు తప్పుతో అత్తెసరు మార్కులవాడు ప్రథముడు కావచ్చు, లేదా తప్పిపోవచ్చు!

మామూలు ఇంటి కంప్యూటర్లలో ఇలాంటి తప్పును ప్రతిసారీ పట్టుకునే కాపలా లేదు. తప్పు బిట్టు అలాగే డిస్కులోకి పోయి నిలిచిపోతుంది. మీ అక్క పెళ్ళి ఫోటోలో ఒక మూల గీతలు పడతాయి. నెలరోజులు కూర్చుని రాసుకున్న ప్రాజెక్టు తెరుచుకోదు. ఎప్పుడు పాడైందో, ఎందుకు పాడైందో ఎవరికీ తెలియదు. వేగం కొంచెం తగ్గినా మనకొచ్చే నష్టం లేదు. తప్పులు చేసే వేగంతో మాత్రం నష్టముంది.

అందుకని మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామును పెన్ డ్రైవులో వేసుకుని, దానితో కంప్యూటరును లేపి పరీక్షించాలి. అది రకరకాల బిట్ల వరసలను మెమరీ అంతటా రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. కొన్ని గంటలు పడుతుంది. రాత్రి పడుకోబోయేముందు మొదలుపెడితే పొద్దునకు తేలిపోతుంది. ఒక్క తప్పు కనిపించినా ఆ వేగం పనికిరాదు. "వందకు తొంభైతొమ్మిది వచ్చాయిలే" అని ఇక్కడ సరిపెట్టుకోవడానికి లేదు. కోట్ల బిట్లలో ఒక్కటీ తప్పకూడదు.

తప్పులు వస్తే? బయాసులోకి వెళ్ళి వేగాన్ని 3000కు, 2933కు, 2666కు ఒక్కో మెట్టే తగ్గిస్తూ మళ్ళీ పరీక్షించండి. ప్రామాణిక వేగం దగ్గర కూడా తప్పులు వస్తుంటే మాత్రం ర్యామునో, అది కూర్చున్న స్లాటునో అనుమానించాలి. అప్పుడు దుకాణానికి పోవడం న్యాయం. అసలు కంప్యూటరు లేవకపోతే భయపడకండి. చాలా బోర్డులు రెండు మూడుసార్లు ప్రయత్నించి, వాటంతటవే పాత వేగానికి వస్తాయి. రాకపోతే బయాసును మొదటి స్థితికి తెచ్చే పద్ధతి బోర్డు పుస్తకంలో ఉంటుంది.

చిల్లు కుండలూ వేడీ గుర్తున్నాయా? డిసెంబరు చలిలో నెగ్గిన పరీక్షలో మే నెల ఎండలో తప్పవచ్చు. మన వరంగల్ ప్రాంతపు వేసవి సంగతి మీకు తెలియనిది కాదు. కాబట్టి ఎండలు ముదిరాక ఇంకోసారి పరీక్షించడం మంచిది. పెట్టెలో దుమ్ము లేకుండా, ఫ్యాన్లకు గాలి అడ్డులేకుండా చూసుకోండి.

బస్సు కోసం ఎదురుచూపు

డబ్బా మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. సి.ఎల్. 16 అనో, సి.ఎల్. 22 అనో ఉంటుంది. ఇది ఎదురుచూపు లెక్క.

పరకాలనుంచి హనుమకొండకు పోవాలి. గంటకు ఎంతమందిని చేరవేస్తారన్నది ఒక లెక్క. మీరు బస్టాండుకు వచ్చాక మొదటి బస్సు ఎంతసేపటికి వస్తుందన్నది వేరే లెక్క. మెమరీలో మొదటిదే 3200. రెండోది సి.ఎల్. అడిగిన తర్వాత మొదటి బిట్టు రావడానికి ఎన్ని ఊపులు ఆగాలో అది చెబుతుంది.

దీన్ని కాలంగా మార్చే సూత్రం తేలిక. సి.ఎల్.ను 2000తో గుణించి, వేగంతో భాగించండి. జవాబు నానోసెకండ్లలో వస్తుంది. నానోసెకండంటే సెకండులో వంద కోట్లో వంతు. 2133 వేగం, సి.ఎల్. 15 అయితే 14 నానోసెకండ్లు. 3200 వేగం, సి.ఎల్. 16 అయితే 10 నానోసెకండ్లు. 3200 వేగమే, సి.ఎల్. 22 అయితే 13.75 నానోసెకండ్లు. చూశారా! ఒకే 3200 రాసి ఉన్న రెండు ర్యాములు కూడా ఒకటి కావు. కొనేటప్పుడు రెండంకెలూ చూడాలి.

ఇంతా చేస్తే లాభమెంత? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. ఉత్తరం టైపు చేయడానికో, పాఠం వీడియో చూడటానికో మీకు తేడా తెలియకపోవచ్చు. ప్రాసెసరు తనకు తరచు కావలసినవాటిని తన లోపలే చిన్న గూటిలో దాచుకుంటుంది కాబట్టి, ప్రతిసారీ ర్యాము దాకా రాదు. కాని బొమ్మలు గీయడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో బొమ్మల పని కూడా ఈ ర్యామే మోయాలి. అక్కడ ఆటల్లోనూ, వీడియోల కూర్పులోనూ తేడా బాగా కనిపిస్తుంది. మీ కంప్యూటరులో 4 గిగాబైట్లే ఉంటే మాత్రం వేగం సంగతి తర్వాత. ముందు బల్ల పెద్దది చేసుకోవాలి. ఇంకో మాట. చాలా లాప్‌టాప్‌లలోనూ, ఆఫీసులకు కూర్చి అమ్మే కంప్యూటర్లలోనూ ఈ ప్రొఫైల్ మార్చే వీలే ఉండదు. అది లోపం కాదు, తయారీదారు ఎంచుకున్న పద్ధతి.

తేమ చూసి ధర

మన పరకాల ఇంటికి తిరిగి వద్దాం. దుకాణదారు మోసం చేశాడా? లేదు. ఆయన ఇచ్చినది 3200 ర్యామే. కాని పూర్తి సంగతి చెప్పాడా? అదీ లేదు. "ఇంటికి వెళ్ళి బయాసులో ప్రొఫైల్ పెట్టుకోవాలి" అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. డబ్బా మీద పెద్ద అంకె వేసినవాళ్ళు షరతులను కూడా అంతే పెద్దగా వేస్తే ఈ అనుమానమే వచ్చేది కాదు.

ఆ అమ్మాయి ఇదంతా తండ్రికి వివరించిందనుకోండి. ఆయనకు బిట్లూ నానోసెకండ్లూ తెలియనక్కర్లేదు. పత్తి తెలుసు. పత్తికి మద్దతు ధర ప్రకటిస్తారు. కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే సి.సి.ఐ. వారు తేమ కొలుస్తారు. తేమ 8 శాతం లోపుంటేనే ప్రకటించిన ధర మొత్తం వస్తుంది. 8 దాటి 12 దాకా పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది. 12 దాటితే తీసుకోరు.

"అంటే మన పత్తికి తేమ జూసినట్టే గదా బిడ్డా! బోర్డు మీద ధర ఒకటి, చేతికొచ్చేది ఒకటి. షరతు తెలుసుకున్నోడికే పూరా దక్కుతది" అంటాడాయన.

అంతే! ప్రకటనలో కనిపించే ప్రతి అంకె వెనకా ఒక షరతు ఉంటుంది. కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నా, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్నా, విత్తనం ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళన్నా ఇంతే. ఏ పరిస్థితుల్లో కొలిచారని అడగడమే శాస్త్రీయ దృష్టి. అడగకుండా నమ్మడమూ, అడగకుండా తిట్టడమూ రెండూ తప్పే.

ఇక మీకొక చిన్న పని. 2666 వేగం, సి.ఎల్. 19 ఉన్న ర్యామ్ ఒకటి, 3600 వేగం, సి.ఎల్. 18 ఉన్న ర్యామ్ ఇంకొకటి ఉన్నాయి. ఏది ఎన్ని నానోసెకండ్లు ఎదురుచూస్తుంది? పైన చెప్పిన సూత్రంతో లెక్క కట్టండి. ఆ తర్వాత మీ బడి కంప్యూటరులో మెమరీ వేగం ఎంతుందో, డబ్బా మీద ఎంతుందో మీ మాస్టారినడిగి సరిచూడండి. మీ బడిలోనూ ఒక 3200, 2133 ముసుగులో నిద్రపోతూ ఉండవచ్చు!